నెమలికి మూడో కాలు

10 జూన్ 1991, సోమవారం
ఉదయం 6:15

ఈ రోజు నుంచి నా జీవితం మారిపోతోంది! తేదీ, టైము వేసి మరీ రాస్తున్నాను, తర్వాత ఎవరూ కాదనకుండా.

పుణె డిజైన్ కాలేజీ నుంచి ఫారం వచ్చింది. రెండేళ్ళ డిప్లొమా. చద్దర్లకీ చీరలకీ బొమ్మలు గళ్ళ కాగితం మీద గీయడం నేర్పిస్తారు. హాస్టలు కూడా ఉంది. పన్నెండో తరగతి మార్కులు సరిపోయాయి. పంపాల్సిన బొమ్మలు ఎప్పుడో గీసి ఉంచాను. మిగిలింది ఆఖరి పేజీ ఒక్కటే:

“మీ జీవితంలో ఒక వ్యక్తిగత వైఫల్యం గురించి, దాని నుంచి మీరు నేర్చుకున్నదాని గురించి 500 మాటల్లో రాయండి. తండ్రి లేదా సంరక్షకుడు చదివి, కింద సంతకం చేయాలి.”

ఇంతేనా! మరాఠీ ఊళ్ళోని తెలుగు మగ్గాల వాడ, జోడ్‌భావి పేట్‌లో పుట్టి పెరిగినదాన్ని, నన్ను అడగాల్సిన ప్రశ్నేనా ఇది?

ప్రణాళిక:
రోజుకు 50 మాటలు.
పది రోజులు.
19న పూర్తి. 20న పోస్టు. 29 లోపల పుణె చేరితే చాలు. అంటే బోలెడు రోజులు మిగులు! ఆ మిగిలిన రోజులు ఏం చేసుకోవాలో ఇంకా ఆలోచించలేదు.

అమ్మకు చెప్పాను. బీడీ ఆకు కత్తిరిస్తూనే, తల ఎత్తకుండా షరతు పెట్టింది.

“గీ నెలల పంపితె పంపు. లేకుంటె ఒకటో తారీఖు నీ పేరు మీద బీడీ కార్డు తీపిస్త. ఇంట్ల కూసోని నెమళ్ళు గీసుకుంట ఎన్నొద్దులుంటవే?”

కార్డంటే బీడీ కంపెనీ బ్రాంచిలో పేరు ఎక్కడం. ఒకసారి ఎక్కితే ఆకూ తంబాకూ మన చేతికి వస్తాయి, మనిషి మాత్రం గడప దాటదు. అమ్మ కార్డుకు ఇరవై రెండేళ్ళు.

ఈ రోజు మాటలు: 0. (ఇది ప్రణాళిక రోజు. లెక్కలోకి రాదు.)

11 జూన్, మంగళవారం
ఉదయం 7:00

ముందు జాబితా వేసుకోవాలి. పద్ధతిగా!

నా వైఫల్యాలు:
1. ఏడో తరగతిలో ముగ్గుల పోటీ. నాలుగో స్థానం వచ్చింది. పోటీలో ఉన్నది నలుగురం.
2. బీడీలు చుట్టడం. నేను రెండు వందలు చుడితే కంపెనీలో బీడీలు ఏరే చెకర్ నూరు పక్కకు పారేస్తాడు. అందుకే అమ్మ నా బీడీలను తన కట్టల మధ్యలో దాచి పంపిస్తుంది.
3. సైకిలు. రాదు.
4.

నాలుగో నంబరు వేశాను గానీ పక్కన ఏమీ రాయలేదు. ఒళ్ళో ఉన్న చద్దరు మీద నెమలి కనిపించింది. చద్దరు మడిచి, నెమలి లోపలికి పోయేట్టు పెట్టేశాను.

ఈ రోజు మాటలు: జాబితాను కలుపుకుంటే చాలానే.

12 జూన్, బుధవారం
మధ్యాహ్నం 1:30

జాబితా గురించి అమ్మకు తెలిసింది. ఇల్లు ఒకటే గది, అందులో రహస్యం దాచాలంటే బీడీ ఆకు బుట్ట తప్ప చోటు లేదు. ఆ బుట్టేమో అమ్మది.

“ఫెయిలైన అని నీ చేత్తోని నువ్వే రాసిస్తవా? గట్ల రాస్తె సీటెవడిస్తడే? రేపు సంబంధమొస్తె గా కాయిదం ఆళ్ళకు జూపియ్యాల్నా?”

పక్కింటి యమునాబాయి చాటలో ఆకు వేసుకుని మా గడపలోనే కూర్చుని చుడుతుంది. ఆవిడకు ఈ విషయం ఎంత నచ్చిందో!

“నీకెందుకు ఫికర్ చంద్రా? నాయి రాసుకో. మా ఆయిన హోటల్ పెట్టి ముంచిండు. పెద్దోడు పది తప్పిండు, రెండుసార్లు. నేను మిషిన్ నేర్చుకుంటనని పోయి వేలు కుట్టుకున్న. ఇంకెన్ని గావాలె?”

“అత్తా, వ్యక్తిగతమంటే నాదే అయి ఉండాలి.”

“కశాలా, ఎందుకట్ల? పక్కింటోల్లది పక్కింటోల్లు రాస్తె తప్పేంది? గింత చక్కెర ఇస్తలేనా నీకు?”

పుణె వాళ్ళకు మా వాడ పద్ధతి తెలియదు. ఇక్కడ ఎవరి వైఫల్యమూ ఒక్కరిది కాదు. నల్లా దగ్గర పొద్దున్న ఆరింటికల్లా అందరిదీ అయిపోతుంది.

ఈ రోజు మాటలు: 5. (శీర్షిక.)

14 జూన్, శుక్రవారం
సాయంత్రం 6:00

శీర్షిక కొట్టేశాను. మాటలు మళ్ళీ 0.

కానీ మంచి వార్త! కొంతం చౌక్ దగ్గర లైబ్రరీలో అంబాదాస్ సార్‌ను కలిశాను. బడి నుంచి రిటైరయ్యారు. ఫారాలు నింపడంలో మా పేటలో ఆయన్ని మించినవారు లేరు, రేషన్ కార్డు దగ్గర నుంచి పాస్‌పోర్టు దాకా.

“హే బఘ్, గిటు సూడు చంద్రా, ఫెయిల్యూర్ లహాన్ ఉండాలె, అంటె గింత చిన్నగ. పాఠం మోఠా ఉండాలె, గంత పెద్దగ. చదివినోడు ‘అరె, గీ పిల్ల ఫెయిలే కాలే’ అనుకోవాలె. గదీ ఫెయిల్యూర్ ఎస్సే!”

అంటే ఫెయిల్ కాని ఫెయిల్యూర్ కావాలి. అదొక్కటి దొరికితే పని అయిపోయినట్టే.

16 జూన్, ఆదివారం

రాయలేదు. కారణాలు:
నిన్న: విడీ ఘర్కుల్ కాలనీ నుంచి పిన్ని వచ్చింది.
ఈ రోజు ఉదయం: పిన్ని వెళ్ళలేదు.
మధ్యాహ్నం: పిన్ని వెళ్ళింది. ఆ సంతోషంలో నిద్ర పట్టింది.
సాయంత్రం: కరెంటు పోయింది. వాడంతా మగ్గాల చప్పుడు ఆగిపోయింది. ఇంత నిశ్శబ్దంలో రాసే అలవాటు నాకు లేదు.

19 జూన్, బుధవారం
ఉదయం 6:30

ఈ రోజుకు పూర్తి కావాలి. మొత్తం మాటలు: 11. అందులో నాలుగు నా పేరు, ఇంటి పేరు, ఊరు, జిల్లా.

సరే. ఈ డైరీకైనా నిజం చెప్పుకుంటాను. నాలుగో నంబరు పక్కన ఏముందో.

నాలుగేళ్ళ కిందటి వరకు నాయన జాకార్డ్ మగ్గం మీద ఉండేవాడు. బొమ్మల చద్దర్లు నేసే మగ్గం అది. ఒక్కో పోగు వరసకు ఒక్కో అట్టకార్డు ఉంటుంది, దానికి బెజ్జాలుంటాయి. కార్డులన్నీ వరసగా దారంతో మాల కుట్టి మగ్గం మీదికి ఎక్కిస్తే, బెజ్జాలను బట్టి బొమ్మ దిగుతుంది. నాయన నెమలి ఎంత బాగా దిగేదంటే కార్ఖానాలో అందరూ ఆయన్ని నెమలి కొమురయ్య అనేవాళ్ళు.

ఆ నెమలి మగ్గం మీద పక్కకు తిరిగి పుడుతుంది. ముందు ముక్కు, తర్వాత ఒక కాలు, ఇంకో కాలు, చివర తోక. రెండో కాలు కార్డులు ఇరవై నాలుగు అరిగిపోయాయి. కొత్తవి కోయించి, మాలంతా ఇంటికి తెచ్చాడు. నాకప్పుడు పదమూడేళ్ళు.

“పాతయి తీసేసి కొత్తయి కుట్టు బిడ్డా” అని చెప్పి స్నానానికి వెళ్ళాడు.

కొత్తవి కుట్టాను. పాతవి చేతిలో మిగిలాయి. మా ఇంట్లో ఏదీ పారేయరు. తెగిన పోగులు వత్తులవుతాయి, బీడీ ఆకు తునకలు పొయ్యిలోకి పోతాయి, చిరిగిన చీర బొంత అవుతుంది. ఇరవై నాలుగు కార్డులు, నా కంటికి ఇంకా బాగానే ఉన్నాయి, పారేయడానికి నాకు చేతులు రాలేదు. వాటిని కూడా కొత్తవాటి పక్కనే కుట్టేశాను. మాల గట్టిగా ఉంటుందిలే అనుకున్నాను!

నెమలికి మూడు కాళ్ళు వచ్చాయి.

గుల్బర్గా పెళ్ళివాళ్ళ ఆర్డరు అది, చుట్టాలకు పంచడానికి. అరవై చద్దర్లూ అలాగే దిగాయి. పెళ్ళిలో ఎవరో పిల్ల కాళ్ళు లెక్కపెట్టిందట. అపశకునమని అరవయ్యీ తిప్పి పంపారు. కార్ఖానా శేఠ్ నాయన్ని జాకార్డ్ మీద నుంచి దింపి టవళ్ళ మగ్గానికి వేశాడు. నాలుగేళ్ళుగా నాయన తెల్ల టవళ్ళు నేస్తున్నాడు, వాటి మీద ఒక గీత కూడా ఉండదు. ఆ చద్దర్లేమో డాగీ మాలు కింద, అంటే లోపమున్న సరుకుగా, చవగ్గా మా వాడలోకే వచ్చాయి. చలికాలంలో సగం పేట మూడు కాళ్ళ నెమలి కప్పుకుని పడుకుంటుంది.

కార్డులు కుట్టింది నేనని నాయనకు తెలుసు. తప్పు అక్కడ జరిగిందని మాత్రం తెలియదు. మగ్గంలో ఏదో అయిందనుకున్నాడు. ఒక్క మాట కూడా నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఇది రాయాలంటే ఆయన చదవాలి. సంతకం ఆయనదే. కాబట్టి ఇది రాయను. ముగ్గుల పోటీకి ఏం తక్కువ?

21 జూన్, శుక్రవారం

ముగ్గుల పోటీ గురించి 38 మాటలు రాశాను. “దీని నుంచి నేను నేర్చుకున్నది” దగ్గర ఆగింది. నేర్చుకున్నదేమిటంటే నలుగురున్న పోటీకి వెళ్ళకూడదని.

కొట్టేశాను.

22 జూన్, శనివారం
సాయంత్రం 5:00

గండం గడిచింది! అంబాదాస్ సార్ దగ్గర తయారు వ్యాసం ఉంది. ఇంగ్లీషులో, సరిగ్గా 500 మాటలు. సైకిలు పోటీలో చివరి మలుపు దగ్గర పడిపోవడం, మోకాలు చిట్లడం, లేచి చివరి దాకా వెళ్ళడం. ఇంగ్లీషు చాలా బాగుంది.

“ఇది ఇంకెవరికైనా ఇచ్చారా సార్?”

“ముగ్గురికి. ముగ్గురికీ సీటొచ్చింది. ఒకడైతె ఇంజనీరైండు.”

ఒకే మలుపు దగ్గర ముగ్గురు పడ్డారంటే ఆ రోడ్డు బాగు చేయించాలి. నేను నాలుగోదాన్ని. మూడు రోజుల్లో చక్కటి చేతిరాతతో దింపేస్తాను. సొంతంగా ఆలోచించే బాధ లేకపోతే నేనెంత చురుకైనదాన్నో!

25 జూన్, మంగళవారం

పూర్తయింది! 500 మాటలు! ఒక్క కొట్టివేత లేదు. రేపు నాయన సంతకం, ఎల్లుండి పొద్దున్న పోస్టు. 29కి ఎలాగో చేరుతుంది. అమ్మ పేజీని ఎత్తి వెలుతురులో చూసి, “రాత ముద్దుగున్నది” అంది. ఏం రాశానని అడగలేదు.

26 జూన్, బుధవారం
సాయంత్రం 5:30 నుంచి

నాయన టవళ్ళ మగ్గం దిగి వచ్చాడు. జుట్టు మీద, చెవుల మీద దూది. కాళ్ళు కడుక్కుని చాయ్ తీసుకున్నాడు. ఫారం ఇచ్చాను.

“ఇంగ్లీషు నాకు రాదు. మన మాటల్ల జెప్పు.”

చెప్పాను. పోటీ, మలుపు, మోకాలు, లేవడం, అంతా. నాయన పూర్తిగా విన్నాడు.

“నీకు సైకిలెప్పుడొచ్చింది?”

“రాదు నాయనా.”

“మరి కిందెట్ల పడ్డవ్?”

దీనికి జవాబు సార్ నేర్పలేదు.

“మనింట్ల ఫెయిల్ తక్కువ పడ్డదా, బజార్ల కెల్లి తెచ్చుకున్నవ్? గిసొంటి అబద్ధం కింద నేను దస్కత్ పెట్ట.”

కోపంగా కూడా అనలేదు. ఫారం నా పక్కన పెట్టి చాయ్ ఊదుకుంటున్నాడు. ఆయన వెనక దండెం మీద నెమలి వేలాడుతోంది. ముందు కాలు, రెండో కాలు, మూడో కాలు. అంతే, నా నోట్లోంచి వచ్చేసింది.

“నాయనా, ఆ మూడో కాలు నేనే కుట్టిన. పాత కార్డులు పారెయ్యలే.”

“నాకెరికే.”

“ఎప్పటి నుంచి?”

“మొదటి చద్దర్లనే జూసిన. నెమలిని నేసేటోనికి కాళ్ళు లెక్కవెట్ట రాదా? మగ్గం ఆపిన. ఇరవై నాలుగు కార్డులు తీస్తె అయిపోతుండె, అరగంట పని. గంతలనె శేఠ్ వచ్చిండు, పెండ్లోల్లను తోల్కొని. కపడా పట్టి సూసి, ‘వాహ్ కొమురయ్యా, నీ చేతిల జాదూ ఉన్నది’ అన్నడు. పెండ్లోల్లు గూడ వాహ్ అన్నరు. ఎవ్వడు కాళ్ళు జూడలే. గంత మందిల వాహ్ అన్నంక తప్పున్నదని ఎట్ల జెప్పాలె? నోరు రాలే. మగ్గం చాలూ జేసిన. పదకొండు రోజులు నేసిన.”

బీడీ చుట్టే చేతులు ఆపి అమ్మ ఆయన వైపే చూస్తోంది. ఆవిడక్కూడా ఇది కొత్తే.

“మరి నా తప్పో?”

“నీది అరగంట తప్పు బిడ్డా. నాది పదకొండు రోజులది. గది నాది. నాదాన్ని నువ్వు రాసుకోకు.”

చాయ్ పూర్తి చేసి బయటికి వెళ్ళిపోయాడు.

నాలుగేళ్ళు నాలోపల దాచుకుని, చలికాలమంతా నా మీదే కప్పుకున్న ఫెయిల్యూర్ అది. ఉన్న ఒక్కటీ నాయన లాక్కుపోయాడు. చాలా సేపు ఏడ్చాను. తేలిగ్గా అనిపించి ఏడ్చానో, సీటు పోతుందని ఏడ్చానో తెలియదు, రెండూ అయి ఉంటాయి.

27 జూన్, గురువారం

సైకిలు వ్యాసం చించేశాను. (ముక్కలు పారేయలేదు. అమ్మ పొయ్యి దగ్గర పెట్టుకుంది.)

ఇంకా రెండు రోజులుంది. ఒక్క పూటలో 500 మాటలు రాసేవాళ్ళు లోకంలో ఉన్నారు.

29 జూన్, శనివారం

ఆ లోకం నాది కాదు. గడువు అయిపోయింది. మాటలు: 0. సంతకాలు: 0. నాయన రెండు రోజులుగా మాట్లాడటం లేదు, నా మీద కోపంతో కాదు. నాకు మాత్రం ఆయన మీద కోపంగా ఉంది. ఒక్క సంతకం పెడితే ఆయన సొమ్మేం పోయింది?

1 జూలై, సోమవారం
సాయంత్రం 7:00

అమ్మ మాట మీద నిలబడే మనిషి. ఒకటో తారీఖు అంటే ఒకటో తారీఖే. స్టూడియోకు తీసుకెళ్ళి కార్డు కోసం ఫొటో తీయించింది.

మూడు కాపీలు ఇచ్చారు. కార్డుకు రెండే చాలు.

“మరి మూడోది?”

“ఉండనీ. పారేస్తమా?”

అమ్మ దాన్ని రవికెలో పెట్టుకుంది.

3 జూలై, బుధవారం

కార్డు వచ్చింది. కొత్త కార్డు, నీలం అట్ట. లోపల నా ఫొటో, కళ్ళు సగం మూసుకుని. యమునాబాయి చేతిలోకి తీసుకుని చూసి, “మస్తున్నవ్ పో, ఇగ నువ్వు గూడ మా జట్టుల కలిసినవ్” అని సంతోషపడింది. అబద్ధం చెప్పను, ఆవిడ సంతోషం నిజమే.

సాయంత్రం నాయన కార్డు తెరిచి ఫొటో చూశాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. అన్నం సగంలో వదిలేసి లేచాడు.

4 జూలై, గురువారం
మధ్యాహ్నం 12:20

అంబాదాస్ సార్ ఎండలో నడుచుకుంటూ మా ఇంటికే వచ్చారు! పుణె కాలేజీలో సీట్లు మిగిలిపోయాయట. గడువు జూలై 20 వరకు పెంచారు. పేపర్లో పడిందట. వైఫల్యం గురించి అడిగి అడిగి చివరికి వాళ్ళే ఫెయిలయ్యారు. వాళ్ళేం నేర్చుకున్నారో 500 మాటల్లో రాయించాలి.

కొత్త ఫారం తెచ్చారు. సైకిలు వ్యాసం మాత్రం తేలేదు. “గది అమ్ముడువోయింది” అన్నారు. ఐదోవాడు ఎవరో పడబోతున్నాడన్నమాట.

సాయంత్రం 6:00

నాయన వచ్చాడు. కాళ్ళు కూడా కడుక్కోకుండా ఫారం అడిగాడు. ఆఖరి పేజీ తీశాడు. నేను గీత కూడా గీయలేదు, తెల్లటి పేజీ. అడుగున సంతకం చోటు వేలితో వెతికాడు. ఒళ్ళు దగ్గర పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, తెలుగులో సంతకం పెట్టాడు. కొమురయ్య.

“నాయనా, ఇంకేం రాయలేదు! చదివినాక పెట్టాలె.”

“శేఠ్ వాహ్ అన్ననాడు నోరు రాలే, పదకొండు రోజులు పోయినయ్. పోయిన వారం దస్కత్‌కు చెయ్యి రాలే, నీకు ఏడాది పోతుండె. ఇగ సాలు. నీ అరగంట రాయి. నా పదకొండు రోజులు గూడ రాయి, నా పేరు వెట్టే రాయి.”

“అందరు చదువుతరు నాయనా.”

“సదవనీ. సగం పేట కప్పుకోని పంటున్నది, ఇంకేం దాస్తం?”

అమ్మ చేతులు తుడుచుకుని, రవికెలోంచి మూడో ఫొటో తీసింది. గంజి రాసి ఫారం మీద అంటించి, బొటనవేలితో నాలుగు మూలలూ ఒత్తింది.

5 జూలై 1991, శుక్రవారం
ఉదయం 6:15

ఈ రోజు నుంచి నా జీవితం మారిపోతోంది! తేదీ, టైము వేసి మరీ రాస్తున్నాను.

ప్రణాళిక:
రోజుకు 50 మాటలు. పది రోజులు.
ముందు తెలుగులో, నాయన చదవడానికి. తర్వాత పుణె వాళ్ళ కోసం ఇంగ్లీషులో.
15న పోస్టు. 20 లోపల చేరితే చాలు. బోలెడు రోజులు మిగులు!

ఫొటో: ఉంది.
సంతకం: ఉంది.
బీడీ కార్డు: అదీ ఉంది. మధ్యాహ్నం నూరు చుట్టాలి.

6:40. సంతకం పైన పేజీ అంతా ఖాళీ. మొదటి వాక్యం రాశాను: “మా ఇంట్లో ఏదీ పారేయము.”

నాలుగు మాటలు. కొట్టేయలేదు.